మ్యాపు మీది తాళంచెవి

మా మేడం పోయారని ఒక సోమవారం పొద్దున ఆనేకల్ నుంచి వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. నిద్రలోనే పోయారట. బెళ్ళందూరులోని మా ఆఫీసులో ఫోన్ పెట్టేయగానే అందరి చూపూ గోడ మీది మ్యాపు వైపు తిరిగింది. దానికి కొట్టిన మేకు ఖాళీగా ఉంది. వానలు ఇంకా మొదలు కాలేదు.

ఆ మేకు సంగతి చెప్పాలంటే మేడం సంగతే చెప్పాలి. పశ్చిమ కనుమల్లో ఏ కొండవాలు జారిపడేలా ఉందో ఉపగ్రహ చిత్రాలు చూసి మ్యాపు గీయడం మా పని. మ్యాపులో ఎరుపు అంటే వానాకాలం అక్కడ ఉండకూడదని అర్థం. నాకు ఈ పని ఓనమాల నుంచి నేర్పింది ఆవిడే. ఆడామగా తేడా లేకుండా అందరినీ "ఏమప్పా" అనేవారు. చేరిన కొత్తలో "ఈ పిక్సెల్ ఎర్రగా వచ్చింది మేడం" అన్నాను.

"దాంట్లో ఇల్లుండాదా?"

దగ్గరగా చూస్తే పెంకుల కప్పు కనిపించింది.

"అయితే పిక్సెల్ అనొద్దప్పా, ఇల్లు అను."

ఆవిడకో పట్టుదల ఉండేది. ఎర్రరంగు వేసిన చోటికి పోయి, అక్కడి వాళ్ళింట్లో అన్నం తిని వస్తేగానీ మ్యాపు పైకి పంపేవారు కాదు. "మొగం చూడకుండా ఎవరింటికీ ఎర్రరంగు పూసేది లేదు" అనేవారు. గడువు ముంచుకొస్తోందని మేం తల పట్టుకుంటే, ఆవిడ బస్సు టైము కనుక్కునేవారు.

అలా పోయిన ఇళ్ళలో ఒకటి కాఫీ తోటల పైన ఉంది. ఇంటావిడ ఒంటరి. వాళ్ళ తాతలు మన సరిహద్దు పల్లెల నుంచి తోట పనికి పోయి అక్కడే నిలిచిపోయారు. మామూలు చిత్రాల్లో ఆ వాలంతా పచ్చగా, నిశ్చింతగా ఉంది. ఆకుల చాటు నేలను పట్టుకునే రాడార్ చిత్రాలను, పాతవీ కొత్తవీ పక్కపక్కన పెడితే మాత్రం నేల కిందికి జరుగుతోందని తేలింది. మేడంతో నేనూ వెళ్ళి చూస్తే చెట్ల మొదళ్ళు వంగి ఉన్నాయి. ఇంటి వెనక నేల నెర్రె విచ్చింది.

"దిగమ్మా. వానలు పోయినాక మళ్ళా వద్దువుగాని" అన్నారు మేడం.

"నీ మిషన్ చెప్తే నేను ఇల్లు ఇడిసిపెట్టల్లా?" అంది ఆవిడ. అయినా అన్నం పెట్టింది.

మేడం తిని చెయ్యి కడుక్కున్నారు. "మిషన్ మాట ఇడిసిపెట్టు, నేను చెప్తాండాను. చెల్లెలింటికి పో. తాళంచెవి నాకియ్యి, నీ కాడుంటే మళ్ళా ఎక్కుతావు."

ఆవిడకు నవ్వొచ్చింది. "ఏటా నువ్వే వచ్చి అడిగితే దిగుతా."

అప్పటి నుంచి ఏటా వానలకు ముందు మేడం వెళ్ళేవారు. భోంచేసి, ఆమెను కిందికి దించి, తాళంచెవి తెచ్చి, మ్యాపులో ఆ ఇల్లున్న చోట మేకుకు తగిలించేవారు. వానలు వెనకబట్టాక తీసుకెళ్ళి ఇచ్చేసేవారు.

ఆ కొండ ఇంతవరకూ జారలేదు. మా మ్యాపులు తీసుకునే అధికారి ఒకాయన "ఏమీ కాలేదు కదా మేడం, ఆ ఎరుపును పసుపు చెయ్యండి, జనం ఊరికే భయపడుతున్నారు" అన్నాడు.

"భయపడినోళ్ళే దిగుతారు సార్. నేల ఇంకా జరగతానే ఉండాది. నాది తప్పని తేలితే మీ ఆఫీసుకంతా ఒబ్బట్లు పంపిస్తా" అన్నారు.

తన లెక్క తప్పు కావాలని అంతగా కోరుకుంటూ, దాన్ని అంత గట్టిగా పట్టుకున్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు. ఆవిడ లేకపోవడం నాకు చాలా కష్టంగా ఉంది.

కర్మకాండలు కాగానే బయల్దేరాను. ఎవరూ పొమ్మనలేదు. వానలు ఎవరి కోసమూ ఆగవు. మేడం వస్తేగానీ దిగని మనిషి ఆ వాలు మీద కూర్చుని ఉంది.

గుమ్మంలో నన్ను చూసి, నా వెనక్కి చూసింది. "మేడం యాడ?"

చెప్పాను. అక్కడే కూలబడింది. కళ్ళు తుడుచుకుని, "నువ్వు చెప్తే నేనెందుకు దిగల్ల? మాట ఆమెతో కదా" అంది.

నాకు భయమేసింది. రాడార్ చిత్రాలు బ్యాగులోనే ఉన్నాయి. తియ్యాలనిపించలేదు.

"దిగొద్దులే అక్కా. ముందు అన్నం పెట్టు. తినకుండా మాట్లాడితే మేడం ఒప్పుకునేవారు కాదు" అన్నాను.

రెండు ఆకులు వేసింది. ఒకటి నాకు. రెండోదాంట్లో అన్నీ వడ్డించి, ఎవరూ కూర్చోని పీట ముందు పెట్టింది. నేను తిన్నాక లోపలికి పోయి, కిటికీలు మూసి, బట్టల మూట తెచ్చుకుని, తలుపుకు తాళం వేసింది.

"ఏటా రావల్ల మరి" అంది, తాళంచెవి నా చేతిలో పెడుతూ.

వస్తానన్నాను. వెళ్తాను కూడా.

ఇది రాస్తుంటే ఆ కొండల మీద వాన పడుతోంది. మ్యాపులో ఎరుపు అలాగే ఉంది. దాని మీద తాళంచెవి వేలాడుతూ, ఫ్యాను గాలికి కదిలినప్పుడల్లా గోడకు టక్కున తగులుతోంది.