కుండీల్లో మా నాన్న వేసిన నాటు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఎమ్మెస్సీ పట్టా చేతికొచ్చి ఆరు నెలలైనా కాలేదు, విజయవాడ శివార్లలో ఒక పరిశోధన క్షేత్రంలో తాత్కాలిక ఉద్యోగం. అయినా పటమటలో బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంటే, డెల్టా మొత్తం తినే అన్నానికి నేనే పూచీ అన్నంత ఠీవి. నా పనల్లా కాడ్మియం అనే విషలోహం కలిపిన మట్టికుండీల్లో ఆరు వరి వంగడాలు నాటి, ఏది తట్టుకుంటోందో, ఏది చస్తోందో రోజూ రాసుకోవడం. చావడం కూడా ఫలితమే. ఆ ముక్క ఇంట్లో చెప్పాలని మాత్రం నాకు తోచలేదు (అంత చదువుకున్నదాన్ని కదా).

నాటిన పదో రోజున నన్ను శిక్షణకని హైదరాబాదు పంపారు. సరిగ్గా అప్పుడే మా నాన్న పొలం మోటారు సామాను కోసం అవనిగడ్డ వైపు నుంచి వన్ టౌన్ వచ్చి, పనిలో పనిగా కూతురి సేద్యం చూద్దామని క్షేత్రానికి వెళ్లారు. మేడమ్ గారి నాన్నగారనగానే వాచ్‌మన్ గేటు తీశాడట. నేను తిరిగొచ్చేసరికి కుండీలన్నీ పచ్చగా కళకళలాడుతున్నాయి. వెంటనే మా ప్రయోగం చూసే సార్‌కి ఫోన్ చేసి, ఆరు వంగడాలూ విషాన్ని జయించాయని ప్రకటించాను. రేపే శాఖ పెద్దవాళ్లను తీసుకొస్తానన్నారాయన. అదే ఊపులో నాన్నకూ చేశాను.

"పచ్చగా ఉండక ఏం చేస్తయ్యమ్మా. సగం మొక్కలు చచ్చున్నయ్యి. పక్క మళ్లో నారు మిగిలితే నేనే పూడ్చా. సందులు అట్టా వదిలేస్తే నలుగురూ పెంచినోణ్ణి నన్నేగా అనేది."

మా వైపు నాటు వేసిన వారం పది రోజులకు, చచ్చిన కుదుళ్ల చోట మళ్లీ నాటడం రైతు పరువు. ఆ పరువు నా ఉద్యోగం మీదికి వచ్చింది. సార్‌కి చెబితే కొలువు పోతుంది, చెప్పకపోతే అబద్ధం రైతుల దాకా పోతుంది. ముందు రిజిస్టర్లో 'వాతావరణం అనుకూలించక ప్రయోగం రద్దు' అని రాశాను. రాసింది చూసుకుంటే సిగ్గేసింది. కొట్టేసి, 'చచ్చిన మొక్కలు తీసి మా నాన్న మళ్లీ నాటారు, ఆయనకు ముందే చెప్పకపోవడం నా తప్పు' అని రాసి, వంకరగా సంతకం పెట్టి, పొద్దున్నే సార్ ముందుంచాను.

ఆయన రెండుసార్లు చదివి, పెద్దవాళ్లను రావద్దని చెప్పి, ఏ కుండీలో ఎన్ని మార్చారో మీ నాన్నగారికి గుర్తుందేమో అడగమన్నారు. నాన్న (కళ్లజోడు ఎక్కడ పెట్టారో ఏనాడూ గుర్తుండని మనిషి) ఫోన్లో వరసలవారీగా అప్పజెప్పారు.

"చివరి వరస మాత్రం ముట్టుకోలేదమ్మా. ఆకు కాస్త పాలిపోయిందిగానీ ఒక్క కుదురూ చావలా."

ప్రయోగం మళ్లీ మొదటినుంచి చేశాం. ఆ చివరి వరసలోని వంగడమే మళ్లీ నిలబడింది. కోసి పరీక్షిస్తే, విషాన్ని చాలావరకు వేళ్లలోనే ఆపేసుకుని, గింజలోకి కొద్దిగానే పోనిచ్చిందని తేలింది. నాన్న చూపు మీద నాకు కలిగిన గర్వం ఇంతా అంతా కాదు.

నా కొలువు మాత్రం పోలేదు. "ఈ ఒక్క వాక్యం రాశావు కాబట్టి నీ మిగతా అంకెలు నేను మళ్లీ చూడక్కర్లేదమ్మా," అన్నారు సార్.

ఇప్పుడు ఇతరుల రిజిస్టర్లలో సంతకాలు పెట్టేది నేనే. ఎప్పుడైనా ఆ పాత పేజీ తీసి, కొట్టివేతనూ, కింద ఆ వంకర సంతకాన్నీ చూసి నవ్వుకుంటాను. అది పెట్టిన ఆనాటి పిల్లంటే నాకు గర్వమే. ఇన్నేళ్ల పరువు కూడబెట్టుకున్నాక, తప్పొప్పుకోడానికి నా పెన్ను అంత తొందరగా కదులుతుందా అన్నదే అనుమానం.