అత్తమ్మ కుట్టిన చెవి మెత్తలు

చెల్లెలి కాన్పు కోసం నాగర్‌కర్నూల్ దవాఖానలో ఉన్నాను. ఎదురుగా ఉన్న మందుల దుకాణానికి నా కోసం ఫోన్ వచ్చిందంటే పరుగున వెళ్లాను. గద్వాల నుంచి మా ఆయన.

"అమ్మ పోయింది. పొద్దుగాల చాయ తాగి గోడకు ఒరిగింది, గంతే. నువ్వు జర నిమ్మళంగ రా" అన్నాడు.

అంత స్పష్టంగా వినిపించిన మాటే అయినా రిసీవర్‌ను చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాను.

అత్తమ్మ పోయి నెల కావస్తోంది. పరామర్శకు వచ్చిన వాళ్లంతా ఆమె నేసిన చీరల గురించే చెప్పుకున్నారు. ఒంటికి నూలు, అంచుకు పట్టు. ఆ రెండింటినీ పోగు పోగూ కలపడంలో ఆమె అంతటి చెయ్యి మా వీధిలో లేదన్నారు. నిజమే. నాకు మాత్రం ఆమె కుట్టిన రెండు చెవి మెత్తలే ఎక్కువగా గుర్తొస్తున్నాయి.

మా పుట్టింటివాళ్లు తాతల నాడే మగ్గం వదిలి వీపనగండ్లలో కౌలు సేద్యానికి దిగారు. కోడలిగా వచ్చిన మొదటి రోజు అత్తమ్మ నా వేళ్లు పట్టుకుని చూసి, "గడ్డి కోసిన చేతులు" అంది. కోపంతో కాదు. ఉన్నది ఉన్నట్టు అనడం ఆమె తీరు. ఆ తర్వాత నాలుగేళ్లలో నన్ను తిట్టిందీ లేదు, మెచ్చుకున్నదీ లేదు. ఆమె మనసులో నేనెక్కడున్నానో నాకు తెలిసేది కాదు. చీర కొనడానికి ఎవరైనా వస్తే ముందు అంచు చూపేది కాదు. ఎక్కడైనా పోగు తెగి అతుకు పడితే ఆ చోటు విప్పి, "ఇగో, ఈడ గిట్లయింది. సూస్కొని తీస్కో" అనేది. "తప్పును మడత లోపల వెట్టొద్దు" అని మగ్గం మీద పనిచేసే వాళ్లకు చెప్పేది.

ఇంటి ముందు గదిలో మా ఆయన రేడియోలు, టేప్‌రికార్డర్లు బాగుచేసేవాడు. చేతి సాయానికి నేనూ అక్కడే కూర్చునేదాన్ని. తొంభైల మొదట్లో వనపర్తి నుంచి ఒక రిటైరైన సంగీతం సారు వచ్చారు. సంచిలోంచి ఒక పెద్ద హెడ్‌ఫోన్ తీశారు. శిష్యుడెవరో జర్మనీ నుంచి తెచ్చి ఇచ్చాడట. అంత ఖరీదైన సరుకు మా దుకాణానికి అంతకుముందు రాలేదు. లోపల అంతా బాగానే ఉంది కానీ చెవుల మీద ఆనే మెత్తలే పొడిపొడిగా రాలిపోతున్నాయి. సారు చెవుల చుట్టూ నల్లటి పొట్టు అంటుకుని ఉంది.

"బొంబాయికి రాసిన. ఆ రకం ఇప్పుడు వస్తలేదన్నరు" అన్నారు సారు. కొంచెం ఆగి, "మా ఇంట్లామెకు తలనొప్పి జబ్బు. చిన్న సప్పుడు కూడ ఓర్వదు. పాట వినాలంటే నాకు ఇదొక్కటే దారి" అన్నారు.

కొత్త మెత్తలు చేసిస్తామని మా ఆయన ఒప్పుకున్నాడు. దారంతో చుట్టుకొలత తీసుకుని, లోపల దూది పెట్టి, పైన మిగిలిపోయిన పట్టు ముక్క వేసి నేనే కుట్టాను. చూడటానికి ముచ్చటగా వచ్చాయి. వారం తర్వాత సారు వచ్చి దుకాణంలోనే పెట్టుకుని విన్నారు.

"అందంగ ఉన్నయి. కాని మృదంగం కుడి చెయ్యి వినిపిస్తుంది, ఎడమ చెయ్యి కొట్టే ఆ గుమ్మనే మోత వినిపిస్తలేదు" అన్నారు.

"కొత్త మెత్తలు గద సార్. వాడంగ వాడంగ సర్దుకుంటయి" అన్నాడు మా ఆయన.

సారు సగం నమ్మారు. హెడ్‌ఫోన్ సంచిలో పెట్టుకోబోయారు. నాకు నోరు ఆగలేదు.

"సర్దుకోవు సార్. పొద్దున నేను వెట్టుకొని సూసిన. పాతవాటిల్ల వినవడ్డది వీటిల్ల వినవడ్తలేదు" అన్నాను.

లోపల మగ్గం చప్పుడు ఒక్క క్షణం ఆగి, మళ్లీ మొదలైంది. సారు హెడ్‌ఫోన్ వదిలి వెళ్లారు. మా ఆయన ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.

మర్నాడు మధ్యాహ్నం అత్తమ్మ దుకాణంలోకి వచ్చి, "ఏదీ, ఒక పక్క నా చెవికి వెట్టు" అంది. ఫోనులా ఒక చెవికే ఆనించుకుంది. అరచేత్తో అదిమింది, వదిలింది, మళ్లీ అదిమింది.

"అదుముతె వస్తుంది. వదిలితె పోతుంది. పట్టు బట్ట నిండ సందులే గద, గాలి జొరవడ్తుంది" అంది. మూడు మాటల్లో తేల్చేసింది.

ఆ సాయంత్రమే వెనక వీధిలో మద్దెలలకు తోలు కట్టే పెద్దాయన ముందు కూర్చుని, మేకపిల్ల తోలు ఒక్కొక్కటీ వేళ్ల మధ్య నలిపి చూసి, అన్నిటికన్నా పలుచనిది తెచ్చుకుంది. మగ్గం ఇంట్లో తోలు కుట్టడమేమిటని పక్కింటామె అననే అంది.

"నాడెను తోసే బిళ్ళ దేంతోని చేసిన్రు? ఇన్నేండ్ల సంది ఎవరు అడగకపోతిరి" అంది అత్తమ్మ, తల ఎత్తకుండానే. మగ్గంలో అడ్డపోగును మోసే నాడెను అటూ ఇటూ కొట్టే ఆ బిళ్ళ తోలుదే.

దూది తీసేసి సైకిలు సీటు స్పాంజి గుండ్రంగా కోసి పెట్టింది. ఆమెకు చూపు ఆనేది కాదు. సూదిలో దారం నేనెక్కించేదాన్ని. అలా మోకాలికి మోకాలు ఆనించి కూర్చోవడం మాకు అదే మొదలు. రెండుసార్లు మొత్తం కుట్టి, నచ్చక విప్పింది. నా మొహం చూసి, "కుట్టు విప్పుతె సిగ్గు కాదు బిడ్డా. విప్పకపోతె సిగ్గు" అంది. నన్ను బిడ్డా అని పిలవడం ఆ నాలుగేళ్లలో అదే మొదటిసారి.

సారు వచ్చి పెట్టుకున్నారు. కళ్లు మూసుకున్నారు. ఏమంటారోనని ముగ్గురం చూస్తున్నాం. కాసేపటికి ఆయన ఎడమ చెయ్యి దానంతటదే లేచి మోకాలి మీద దరువు వెయ్యసాగింది.

పాటయ్యాక హెడ్‌ఫోన్ తీసి, "మీరు కుట్టిన్రు, మీరు వినకపోతె ఎట్లమ్మా" అంటూ అత్తమ్మ తలకు పెట్టారు. ఆమె వద్దనేలోగా పాట మొదలైంది. అత్తమ్మ బిగుసుకుపోయి కూర్చుంది. తర్వాత మెల్లగా భుజాలు వదులయ్యాయి. అప్పుడు కొడుకు వైపు వంగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, గుట్టుగా చెప్తున్నాననుకుని, రోడ్డవతలి చాయ హోటల్ దాకా వినిపించేంత గొంతుతో అంది:

"ఆనాడు సార్ ముందట నేనైతె గట్ల చెప్పకపోతుంటిరా. సప్పుడు జేయకుంట ఊకుంటుంటి. ఈ పిల్లకున్న ధైర్యం నాకు లేదు. ఈమెను నువ్వేమనకు."

చాయ పోస్తున్నాయన చెయ్యి ఆపి ఇటు చూశాడు. సారు తల వంచుకున్నారు. మా ఆయన చేతిలోని స్క్రూడ్రైవర్‌ను అటూ ఇటూ తిప్పసాగాడు. నేను గోడ వైపు తిరిగాను.

అత్తమ్మ ఒక పక్క మెత్త ఎత్తి, "ఏందిరా, అందరు గిట్ల సూస్తున్నరు?" అంది.

"ఏం లేదమ్మా, విను" అన్నాడు మా ఆయన.

ఆ మాటలు అందరికీ వినపడ్డ సంగతి ఆమెకు మేమెవరమూ ఎప్పుడూ చెప్పలేదు. ఆమె మెత్తను మళ్లీ చెవి మీదికి జార్చుకుంది. ఎత్తు స్టూలు మీద కూర్చోవడంతో ఆమె పాదాలు నేలకు అందడం లేదు. జుట్టులో తెల్లటి నూలు పోగొకటి చిక్కుకుని ఉంది. కాలి బొటనవేలు మాత్రం మెల్లగా, గాలిలో, దరువు వేస్తోంది.