ఆపా నిలబెట్టిన మెట్లు

మా ఆపా గత శుక్రవారం వికారాబాద్‌లో కన్నుమూసింది. కామెర్లు ముదిరాయట. ఆమె తమ్ముడు తాండూరు వచ్చి, మా నాపరాళ్ల ఫ్యాక్టరీ గేటు దగ్గర ఈ సంగతి చెప్పాడు. మా సేటు "పాపం, మంచి చెయ్యి" అని, ఆ వెంటనే మేస్త్రీ వైపు తిరిగి "లారీ లోడైందా?" అని అడిగాడు. ఆ రెండో మాట ఇంకా నా చెవిలోనే ఉంది.

ఆపా అంటే అక్క; కానీ నా తోడబుట్టింది కాదు. డ్రాయింగు గదిలో నా పక్క బల్ల ఆమెది. ఏ రాయి ఏ కొలతకు కోయాలో మేమిద్దరం కాగితం మీద గీసేవాళ్లం. ఆమె రోజూ వికారాబాద్ నుంచి రైల్లో వచ్చేది. టిఫిన్ డబ్బా విప్పితే ముందు నా వైపే జరిపేది.

ఎనభై ఏడులో సేటు కంప్యూటర్ కొన్నాడు. హైదరాబాద్ నుంచి తెచ్చినతను ఫ్లాపీల కట్టా, లావుపాటి ఇంగ్లీషు పుస్తకమూ ఇచ్చి, "ఇందులో గీసిన బొమ్మను అన్ని వైపుల నుంచీ చూడొచ్చు" అని చెప్పి వెళ్లిపోయాడు. ఆ ప్రోగ్రామ్‌ను మిషన్‌లోకి ఎక్కించడం ఎవరికీ రాలేదు. ఆపా డిక్షనరీ పక్కన పెట్టుకుని కూర్చుంది. ఒక ఫ్లాపీ తీసి మరొకటి పెడుతూ సగానికి వచ్చేసరికి కరెంటు పోయేది. మళ్లీ మొదటికే.

"పరేషాన్ అయితలేవా ఆపా?" అన్నాను.

"దీనికి మొహమాటం లేదే. తప్పయితే తప్పని మొకం మీదనే చెప్తది. మనుషులే చెప్పరు."

ఒకనాడు ఎక్కింది. కొలతలు టైప్ చేస్తే నల్లటి తెర మీద గీత పడింది. ఎత్తు ఇస్తే ఆ గీతే గోడై లేచింది. "సూడు, నిలవడ్డది!" అంటూ ఆపా కూడా లేచి నిలబడింది.

ఆ తర్వాత ఒక పెళ్లి హాలు వాళ్లు మెట్లు చేయించడానికి వచ్చారు. బేరం కుదిరేలా లేదు. ఆపా ఆ మెట్లన్నిటినీ కంప్యూటర్లో నిలబెట్టింది. వాళ్లు చూడడానికి వచ్చిన రోజు సేటు తన మేనల్లుణ్ని కుర్చీలో కూర్చోబెట్టి, "మా పిల్లగాడు చేసిండు" అన్నాడు. ఏ మీట నొక్కాలో ఆపాయే వెనక నిలబడి మెల్లగా చెప్పింది. ఆర్డరు వచ్చింది.

వాళ్లు వెళ్లాక ఆమె అడిగింది. "సేట్‌సాబ్, గా మెట్లు నేను చేసిన. గా ఒక్క మాట వాళ్లకు చెప్పుండ్రి."

"ఎవరు చేస్తే ఏంది? రేపటి సంది పిల్లగాడే సూసుకుంటడు. నువ్వు బల్ల కాడికి పో."

"అతనికి ప్రోగ్రామ్ ఎక్కించుడు రాదు."

"నువ్వు ఎక్కించినవ్ గద. ఇగ నీతోని పనేమున్నది?"

మర్నాటి నుంచి కంప్యూటర్ గదికి తాళం పడింది, తాళంచెవి మేనల్లుడి జేబులోకి పోయింది. కొన్నాళ్లకు మిషన్ చెడి, అందులోదంతా తుడిచిపెట్టుకుపోయింది. సేటు మళ్లీ ఆపాను పిలిచాడు. వెళ్లొద్దన్నాను. వెళ్లింది. కానీ ఫ్లాపీ ముట్టుకోలేదు. నన్ను పిలిచి కుర్చీలో కూర్చోబెట్టి, "గీ పిల్ల ఎక్కిస్తది. నేర్పితే ఎవరికైనా వస్తది, సేట్‌సాబ్" అంది. అన్నీ నా చేతే పెట్టించింది.

ఆ నెలాఖరుకు పని మానేసింది. ఇప్పుడు ఆ గదిలో బొమ్మలు నిలబెట్టేది నేను. సేటు వచ్చినవాళ్లకు నేటికీ మేనల్లుడి పేరే చెబుతాడు.

ఆఖరి రోజు ఆపాతో స్టేషన్ దాకా వెళ్లాను. "ఇంకేడన్న చేరుతవా?" అంటే, "మన దిక్కు గా మిషన్ ఇంకెవరి కాడున్నది?" అంది. రైలు వచ్చింది. ఎక్కింది. కిటికీ పక్క సీటు నిండా ఎవరో తిని పడేసిన పల్లీల పొట్టు. ఆపా నా వైపు చూడలేదు. వంగి, ఆ పొట్టంతా అరచేత్తో ఊడుస్తూనే ఉంది. రైలు కదిలింది.