పదిహేడు వరసల కుబుసం

1968 జూలై 8, సోమవారం, ఉదయం పదింబావుకి మా జువాలజీ ల్యాబ్‌లోకి మొదటి బతికున్న పాము వచ్చింది. అప్పటికి నేను విజయనగరంలోని ఒక ఆడపిల్లల కాలేజీలో డిమాన్‌స్ట్రేటర్‌గా చేరి రెండేళ్ళ నాలుగు నెలలు. డిమాన్‌స్ట్రేటర్ అంటే లెక్చరర్ పాఠం చెప్పాక ల్యాబ్‌లో దాన్ని పిల్లలచేత చేయించే మనిషి. మా సీసాల్లో పదకొండు పాములు ఉండేవి, అన్నీ ఫార్మలిన్‌లో తెల్లబడ్డవే. చారలున్న పాము ప్రతిదీ కట్లపాము కాదని పిల్లలకి చూపించాలంటే రంగున్న పాము కావాలి.

పాములు పట్టే సింహాచలం మూడు బుట్టలు తెచ్చాడు. మొదటి దానిలో జెర్రిగొడ్డు, ఆరడుగులు దాటింది. మా దగ్గర దానికి చోటు లేదు. రెండోది చెరువుల్లో తిరిగే నీటిపాము. విషం లేదుగాని కోపిష్టిది, పైగా రోజూ కప్పలో చేపలో కావాలి. మూడోది వేలి లావున, గోధుమరంగు మీద తెల్ల చారలతో చుట్టుకుని ఉంది. దాన్ని వుల్ఫ్ స్నేక్ అంటారు. విషం లేదు, బల్లుల్ని తింటుంది. మా ల్యాబ్ గోడలనిండా బల్లులే.

"సారలున్నాయని బయపడకండమ్మగోరూ. ఇదేటీ సెయ్యదు," అన్నాడు సింహాచలం.

కట్లపాముకి మెడ దాటాక మొదలయ్యే చారలు దీనికి మెడ దగ్గర నుంచే ఉన్నాయని గమనించి, లైవ్ స్పెసిమెన్ రిజిస్టర్‌లో 'వుల్ఫ్ స్నేక్, 41 సెం.మీ.' అని రాసి సంతకం పెట్టాను. పొలుసులు లెక్కపెట్టలేదు. బతికున్న పాముని పట్టుకుని లెక్కపెట్టే ధైర్యం నాకు లేదు. ఆ సంగతి రిజిస్టర్‌లో రాయలేదు.

దాని ఇంటికోసం మా వంటింట్లోంచి జాలీ బీరువా తెచ్చాను. పాలూ పెరుగూ పిల్లులకి అందకుండా పెట్టుకునే, సన్న ఇనపజాలీ తలుపుల బీరువా అది. అడుగున ఇసక, ఒక పెంకు, నీళ్ళ మూకుడు పెట్టాను. తలుపు కింద సందు ఆరు మిల్లీమీటర్లు. పాము రెండు బల్లుల్ని మింగి జాలీకి ఆనుకుని పడుకున్నప్పుడు స్కేలు పెట్టి చూస్తే నడుము పదకొండు. పట్టదు కదా అని సరిపెట్టుకున్నాను.

మా అటెండర్ సూరమ్మకి ఇదేమీ నచ్చలేదు. "పెరుగెట్టుకునే బీరువాలో పామేటమ్మా? మీ అమ్మగోరు సూస్తే మిమ్మల్నీ దాన్తోపాటే పెట్టెత్తారు," అంది.

పాము పని చూసుకోవడానికి ముందుకొచ్చింది గౌరి ఒక్కతే. రెండో సంవత్సరం బి.ఎస్సీ., నెల్లిమర్ల నుంచి వచ్చి హాస్టల్లో ఉండేది. నీళ్ళు మార్చడం, ఇసక జల్లెడ పట్టడం, ఏ రోజు ఏం తిందో రాయడం, అన్నీ శ్రద్ధగా చేసేది. ఆగస్టు 8, గురువారం పాము కుబుసం విడిచింది. గౌరి దాన్ని చిరగకుండా తీసి నాకిచ్చింది. పరీక్షల హడావుడిలో కవరులో పెట్టి, మీద తేదీ వేసి బల్లమీద ఉంచేశాను.

ఆగస్టు 12, సోమవారం, ఉదయం 8.10కి గౌరి గుడ్డకోసం ల్యాబ్ బల్ల సొరుగులో చెయ్యి పెట్టింది. కెవ్వుమని చెయ్యి వెనక్కి లాగింది. చూపుడువేలి మీద రెండు రక్తపు చుక్కలు. సొరుగులోంచి పాము జారి, గోడ కింది తూములోకి పోయింది. బీరువా ఖాళీగా ఉంది.

"కట్లపామే! సారలు నా కళ్ళతో సూసేను," అని సూరమ్మ గుండెలు బాదుకుంది.

రిక్షాలో ఆసుపత్రికి చేరేసరికి 8.32. డ్యూటీ డాక్టరు గారు వేలు చూశారు. వాపు లేదు, మంట లేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆయన ముఖంలో మాత్రం మార్పు లేదు.

"కట్లపాము కాటుకీ వాపుండదు, నొప్పుండదు. కాసేపటికి కనురెప్పలు వాలతాయి, తరవాత ఊపిరి అందదు. ఏం పాము?"

"వుల్ఫ్ స్నేక్ అండి. రిజిస్టర్‌లో రాశాను."

"చూసి రాశారా, లెక్కపెట్టి రాశారా?"

"చూసి," అన్నాను.

ఆయన నన్ను పక్కకి పిలిచారు. గౌరికి చిన్నప్పటినుంచి ఉబ్బసం. పాముకాటుకిచ్చే యాంటీవీనం గుర్రం రక్తంలోంచి తీసిన మందు. అది పడనివాళ్ళకి ఊపిరాడకుండా పోవచ్చు, ఉబ్బసం ఉంటే ఆ భయం ఇంకా ఎక్కువ. కట్లపామైతే ఇవ్వక తప్పదు. కాకపోతే ఇచ్చి ఆ పిల్లని ముప్పులో పెట్టినవాళ్ళం అవుతాం. "తొమ్మిదిన్నర దాకా చూస్తాను. ఈలోగా రెప్ప వాలితే ఆగను," అన్నారు.

పాము తూములో ఉంది. నా దగ్గరున్నది కుబుసం ఒక్కటే.

8.52కి ల్యాబ్‌లో ఉన్నాను. కుబుసాన్ని తడిపి, బ్లాటింగ్ కాగితం మీద పరిచి, భూతద్దం కింద పెట్టాను. దీన్ని స్కేల్ కౌంట్ అంటారు. నడుము దగ్గర, పొట్ట కిందుండే వెడల్పు పలకలు వదిలేసి, ఒక పక్కనుంచి రెండో పక్కకి పొలుసుల వరసలు లెక్కపెట్టాలి. కట్లపాముకి మామూలుగా పదిహేను, వుల్ఫ్ స్నేక్‌కి పదిహేడు. నాకు పదిహేడు వచ్చాయి. మళ్ళీ లెక్కపెట్టాను, పదిహేడే. కాని పదిహేడు రావాలని కోరుకుంటున్న మనిషి లెక్క అది. నాకు నమ్మకం కుదరలేదు.

సూరమ్మని పిలిచాను. ఆవిడకి చదువు రాదుగాని పూలు లెక్కపెట్టి మూరలు కట్టి అమ్మిన చెయ్యి. ఎన్ని ఉండాలో ఆవిడకి చెప్పలేదు. పొట్ట పలకల పక్కనున్న మొదటి వరస చూపించి, అక్కణ్ణుంచి రెండో పక్కదాకా సూదిమొనతో ఒక్కొక్కటీ తాకుతూ లెక్కపెట్టమన్నాను.

"ఒగ్గేసిన తోలు ముట్టుకోమంటారేటమ్మా," అని సణుగుతూనే కూర్చుంది. పెదవులు కదిలాయి. "పదేడు."

"మళ్ళీ."

"ఎన్నిసార్లడిగినా పదేడే. తగ్గమంటే తగ్గుతాయేటి?"

మిగిలిన రెండు గుర్తులు నేనే చూశాను. కట్లపాముకి వెన్ను మీద నడిమి వరస పొలుసులు పెద్దవిగా, ఆరు కోణాలతో ఉంటాయి. ఇందులో అన్నీ ఒకటే సైజు. కట్లపాము తోక కింద పలకలు ఒంటిగా ఉంటాయి. ఇందులో జంటలుగా ఉన్నాయి. మూడుకి మూడూ సరిపోయాయి.

కాగితంతో సహా 9.27కి ఆసుపత్రిలో ఉన్నాను. డాక్టరు గారు భూతద్దం అడిగి తీసుకుని, తానే కిటికీ దగ్గర కూర్చుని లెక్కపెట్టారు. లేచి, సిరంజీల ట్రేమీద గుడ్డ కప్పారు. "మందు పక్కనే ఉంటుంది. రేపు ఉదయం దాకా పావుగంటకొకసారి రెప్పలూ ఊపిరీ చూడండి," అని నర్సుకి చెప్పారు.

గౌరి తండ్రి అప్పలస్వామి గారు జూటు మిల్లులో పనిచేసేవారు. కబురు అంది 11.20కి వచ్చారు.

"నా పిల్లకి సూదిమందు ఎందుకెయ్యలేదండీ? కాయితం మీద తోలు సూసి సెప్పీసినారా?"

"చూసి కాదండి, లెక్కపెట్టి," అన్నాను. గౌరి ఉబ్బసం సంగతీ, మందు సంగతీ చెప్పి, నేను మొదట లెక్కపెట్టకుండా పేరు రాసిన మాట కూడా దాచకుండా చెప్పాను.

ఆయన మంచం పక్కన ముక్కాలిపీట మీద కూర్చున్నారు. "ఒసే గౌరీ, కళ్ళు తెరు."

"తెరిసే ఉన్నాను నాన్నా."

కాసేపాగి మళ్ళీ, "ఒసే, తెరిసేవా?"

"నేను తెరిసేను. నువ్వే తూలిపోతన్నావు. సరిగ్గా కూకో, పడిపోతావు."

అలా ఎన్నిసార్లడిగారో నేను లెక్కపెట్టలేదు. ఆ రోజు నేను లెక్కపెట్టనిది అదొక్కటే. మంగళవారం 8.10కి ఇరవైనాలుగు గంటలు నిండాయి. రెప్పలు నిలిచే ఉన్నాయి, ఊపిరి ఎప్పటిలాగే ఉంది. వరండాలోకొచ్చి గోడకానుకున్నాను. లోపల్నుంచి గౌరి కేక: "మేడమ్! పాము దొరికిందాండి?"

"ఇంకా పామేనేటే!" అన్నారు అప్పలస్వామి గారు. ఆ రెండు రోజుల్లో ఆయన నవ్వడం అప్పుడే చూశాను.

తరవాత గౌరీ నేనూ సీసాలోని ఇంకో వుల్ఫ్ స్నేక్‌ని తీసి కొలిచాం. నడుము పది మిల్లీమీటర్లు, తల ఎత్తు అయిదు. తల పట్టిన సందులోంచి పాము ఒళ్ళు నొక్కుకుని పోతుంది. నేను నడుము కొలిచాను, తల కొలవలేదు. అడవి పాముల్ని అలా పట్టి ఉంచుకోవడాన్ని తరవాత వచ్చిన చట్టం ఒప్పుకోలేదు, ఒప్పుకోకపోవడమే మంచిది. కాని ఏ ప్రాణికి గూడు కట్టినా ముందు తల కొలవాలనీ, లెక్కపెట్టకుండా రాసిన పేరు పక్కన 'చూసి మాత్రమే' అని రాయాలనీ నేర్చుకున్నాను. రిటైరయ్యేదాకా అలాగే రాశాను.

ఇక పోయినవి. పాము ఒకటి. కుబుసం ఒకటి, డాక్టరు గారు తిరిగి ఇవ్వలేదు. గౌరికి హాజరు మూడు రోజులు. మా అమ్మకి జాలీ బీరువా ఒకటి. ఎన్నిసార్లు కడిగి తెచ్చినా ఆవిడ మళ్ళీ అందులో పెరుగు పెట్టలేదు.