వేదాచలం సంతకం వెంట కలువాయి దాకా

ఆత్మకూరులో క్యాసెట్ల అంగడి నడిపే మనిషి నలుగురి ముందు నన్ను దొంగ సంతకం పెట్టినవాడన్నాడు.

నేను పోయింది మా నాయన కొన్న గ్రామఫోను ప్లేటును క్యాసెట్టులోకి ఎక్కించుకుందామని. పద్యాలు పాడే వేదాచలం ప్లేటు అది. నాకు పదేళ్ళప్పుడు ఆయన ఉదయగిరికి నాటకమాడడానికి వచ్చి, ప్లేటు నడుమ ఉండే కాగితం బిళ్ళ మీద సంతకం చేశాడు. కలం ఆయన చేతిలో ఉండగా నేను చూశాను. బడి మొహం చూడని నేను ఆ నాలుగక్షరాలనే బొగ్గుతో గోడ మీద దిద్ది చదువు మొదలుపెట్టాను. అంగడివాడు ఆ సంతకం చూసి నవ్వాడు. "వేదాచలం వేలిముద్ర మనిషి పెద్దాయనా! మా తాతకు పొలం రాసిచ్చినాడు, పత్రం ఇంట్లో ఉండాది. మంగళవారం రా, చూపిస్తా. ఈ సంతకం నువ్వే పెట్టుకున్నావా ఏంది?"

మంగళవారం ఉదయం ఆరున్నరకు ఉదయగిరిలో ఆత్మకూరు బస్సెక్కాను. ప్లేటును దుప్పట్లో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. ఇలాంటి వస్తువులతో పోయేవారు వెనక సీటు జోలికి పోవద్దు. ఆ గుంతలకు మనుషులే నిలవరు, ప్లేటు ఏం నిలుస్తుంది? పక్కన మిషన్ బడి టీచరమ్మ కూర్చుంది.

"ఏంది తాతా, బాలింత బిడ్డను పట్టుకున్నట్టు పట్టుకున్నావు?"

విప్పి చూపించాను. ఆమె కళ్ళద్దాలు సర్దుకుంది. "అక్షరాలు ముత్యాలే. చివర సున్నా మాత్రం కోడిగుడ్డు మాదిరి ఉండాది. మా ఒకటో తరగతి పిలకాయలు నయం."

"నేనూ సున్నా అట్లనే చుడతాను. నాకు నేర్పింది ఈయనే!" అన్నాను. ఆమె నవ్వాపుకుంటూ కిటికీ వైపు తిరిగింది.

తొమ్మిదికి ఆత్మకూరు. బస్టాండు ఎదుట ఇడ్లీ వేడిగా ఉంది, చట్నీ నీళ్ళు. అంగడి పదికి గాని తెరవలేదు. పత్రం తెచ్చి నా ముందు పరిచాడు. వేదాచలం పేరు పత్రం రాసినవాడి చేతిరాతలోనే ఉంది. పక్కనే నల్లటి వేలిముద్ర. రెండుసార్లు చదివాను. పత్రం అబద్ధం కాదు. నా కళ్ళూ అబద్ధం కాదు. మరి ఏది?

"సంతకం వచ్చినోడు వేలెందుకు నల్లగా చేసుకుంటాడు?" అన్నాడు అంగడివాడు. ప్లేటును మళ్ళీ దుప్పట్లో చుట్టుకున్నాను. నా వాలకం చూసి జాలిపడ్డాడేమో, "ఆయనకు హార్మోనియం వాయించినాయన కలువాయిలో ఉండాడు. పోయి అడుగు. సంతకం నిజమంటే ఈ అంగట్లోనే నీకు దండం పెడతా," అన్నాడు.

అన్నం తిని ఒంటిగంటకు కలువాయి బస్సు పట్టుకున్నాను. సీటు లేదు. ప్లేటును నెత్తి మీద పట్టుకుని నిలబడితే కండక్టరు, "దానికీ టికెట్ కొట్టేదా?" అని ఎకసెక్కమాడాడు.

హార్మోనియం ఆయన రేకుల పంచలో నులక మంచం మీద ఉన్నాడు. ఎనభై దాటిన మనిషి. బిళ్ళను కంటి దగ్గర పెట్టుకుని చూశాడు.

"రాత నాదే అబ్బయ్యా. ఇట్లాంటివి ఎన్ని రాసినానో! ఆయనకు అక్షరం రాదు."

ఆ ఇంట్లోవాళ్ళిచ్చిన మజ్జిగ తాగానో లేదో గుర్తులేదు. ఇన్నేళ్ళు నేను దిద్దింది ఎవరి రాత? ఆ రోజు నేను చూసిన చెయ్యి ఎవరిది?

నాలుగున్నర బస్సుకు లేచాను. ఆయనా కర్ర ఊతంతో బస్సు దాకా వచ్చాడు. దినమంతా తిరిగితే, ఉదయం నాకు తెలిసినంత కూడా సాయంత్రానికి తెలియకుండా పోయింది. కిటికీ పక్కన కూర్చున్నాక ఇక ఆగలేక అరిచాను.

"కలం ఆయన చేతిలో ఉండంగా చూసినాను! నా కండ్లు అబద్ధమాడినాయా?"

బస్సు కదలబోతుండగా ఆయన కిటికీ కమ్మీ పట్టుకున్నాడు.

"నీ కండ్లకేమి అబ్బయ్యా, బాగానే ఉండాయి. ఎంత నేర్పినా ఆయనకు వచ్చింది సున్నా ఒకటే. అందుకని 'వేదాచల' దాకా నేను రాసి కలం ఆయన చేతికిచ్చేవాణ్ణి. చివర వంకర సున్నా ఉండాది చూడు, అది ఆయనదే."