ఓడ తిరిగొచ్చేదాకా

మా మేనత్త పోయింది. బొబ్బిలి బజారులో ఆమె కిరాణా కొట్టు ఎరిగినవాళ్లందరికీ మధ్యాహ్నానికే కబురు అందింది. అందనిది ఒక్క ఆమె కొడుక్కే. మా బావ నౌకాదళంలో ఆఫీసరు. యుద్ధం రేగాక ఓడ ఎక్కాడు. ఎక్కడున్నాడో మాకెవరికీ తెలియదు.

మావయ్య పోయాక ఆ కొట్టు మీదే బావని చదివించింది. నాకూ చిన్నప్పుడు సగం అన్నం అక్కడే. కేరళలో నేవీ అకాడమీ చదువు ముగిసిన రోజు, కన్నవాళ్లే కొడుకు భుజాలకి ఆఫీసరు పట్టీలు తొడగడం అక్కడి ఆచారం. అత్తకి తోడుగా నేను వెళ్లాను. పప్పులు తూచే చేతులతో పట్టీలు తొడిగి, ఓసారి లాగి చూసి, "ఊడవులే" అంది. పక్కవాళ్లు నవ్వారు, తనూ నవ్వింది. తిరుగు రైల్లో మాత్రం కిటికీ వైపు తిరిగి, "ఈ సేతుల్తోనే ఆడ్ని ఇచ్చేసొచ్చాన్రా" అంది. అప్పుడు నాకు అర్థం కాలేదు.

యుద్ధం మొదలవగానే ఊరికి పండగొచ్చింది. కొట్టుకొచ్చిన ప్రతివాడూ "నీ కొడుకు ఎక్కడున్నాడత్తా? బాంబులేస్తన్నాడా?" అనేవాడే. "కందిపప్పు ఎంత కట్టమంటావు?" అనేది అత్త, మొహం ఎత్తకుండా. ఓ సాయంత్రం వీధివాళ్లు బావ ఫొటోతో ఫ్లెక్సీ కట్టి, దానికి బంతిపూల దండ వేశారు. గౌరవమనుకున్నారు. అత్త స్టూలెక్కి ఆ దండ తెంపి కాలవలో పడేసింది.

"బతికున్నోడి ఫొటోకి దండేస్తారేట్రా? మీ ఇళ్లల్లోంచి ఒక్కడ్ని పంపండి, అప్పుడు కట్టండి ఫ్లెక్సీలు."

ఆమెకి పొగరన్నారు. ఆ మాటకి నాకింకా ఒళ్లు మండుతుంది.

గుండెనొప్పితో విజయనగరం ఆసుపత్రిలో చేర్చినప్పుడు నా చెయ్యి పట్టుకుంది. "ఓడ తిరిగొచ్చేదాకా ఆడికి సెప్పకు. ఆడి సేతిలో ఎంతమంది పేనాలున్నాయో. ఏడుస్తా ఆడేటి పని సేస్తాడు?"

"నీకు ఆడ్ని సూడాలని లేదేటత్తా?"

"ఎందుకు లేదురా" అని గోడవైపు తిరిగిపోయింది.

నేవీ వాళ్లకి ఫోను చేస్తే బావకి కబురు అందేదే, అత్త మాట మీద చెయ్యలేదు. తలకొరివి నేనే పెట్టాను. వీరమాత అంటూ ఒక పెద్దమనిషి మైకు పట్టుకుని చాలాసేపు మాట్లాడాడు. ఆయన ఇంట్లోంచి ఎవరూ ఏ ఓడా ఎక్కలేదు.

యుద్ధం ఆగాక బావ వచ్చాడు. నన్ను కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. "అస్థికలు ఎక్కడ కలిపావురా?" అన్నాడు. వేగావతి ఏటి దగ్గరికి తీసుకెళ్లి చోటు చూపించాను. బూట్లు విప్పకుండానే దిగాడు. ఎండలకి మోకాలి లోతు కూడా లేదు నీరు. సముద్రాల మీద తిరిగొచ్చినవాడు ఆ కాసిన్ని నీళ్లలో నిలబడి, "ఇక్కడేనా? ఇంకొంచెం అటా?" అని నన్నే అడుగుతూ, ఒక్కో అడుగూ జరుగుతున్నాడు.