ట్యాంకు మామ రెండు జీపులు

ఆ రోజుల్లో మనిషికి ఒక ఉద్యోగం, కాస్త మీసం వస్తే చాలు, లోకమంతా పని మానుకొని తననే చూస్తోందనిపించేది. కర్నూలు రాజధాని అయిన కొత్తలో నాకు నంద్యాలలో గుమాస్తా పని దొరికింది (మీసం కొంచెం ఆలస్యంగా వచ్చింది), ఆళ్లగడ్డలో పిల్ల కుదిరింది. ఇక మిగిలింది పెండ్లికి కారులో దిగడమే. నాయనను పీడించి, కర్నూలు పెద్దమనిషి ఒకాయన దగ్గర ఇంగ్లండు నుంచి ఓడలో వచ్చిన శీమ కారు అరువు తెప్పించాను. అంత కారు మా వీధిలోకి రావడం అదే మొదలు.

చుట్టాలకూ సామాన్లకూ మా అమ్మ తమ్ముడివి రెండు జీపులు. ఆయనను ఊరంతా ట్యాంకు మామ అనేది. పెద్ద యుద్ధంలో ఎడారికి పోయొచ్చాడు మరి. నిజానికి ఆయన ట్యాంకు ఎక్కిందీ లేదు, యుద్ధం చూసిందీ లేదు. వెనకెక్కడో గుడారంలో పెట్టెలు విప్పి నట్లూ బోల్టులూ ముందుకు పంపే పని. ఆ సంగతి దాచేవాడు కాదు సరికదా, అదే గొప్పన్నట్టు దొరికినవాణ్ణల్లా కూర్చోబెట్టి చెప్పేవాడు.

"జర్మనోని ట్యాంకు మొనగాడప్పా. మనవి రెండు మూడు ఎదురొచ్చినా లెక్కబెట్టదు. కానీ దాంట్లో పళ్లచక్రం పన్ను ఒకటి ఇరిగితే, ఇంకో చక్రం యాడుండాది? సముద్రం అవతల. అదొచ్చేదాకా ఇసకలో పండుకోవల్ల. మనకు అమెరికావోడు ఇటుకలు కోసినట్టు ట్యాంకులు కోసి ఓడలకెత్తి పంపుతాండె. దీని నట్టు దానికి పడతాది, దాని చక్రం దీనికి పడతాది. మూడు చెడితే రెండన్నా లేచి పోతాండె. గెలిచిందెవురు? నట్టు!"

అందుకే వేలంలో ఒకే రకం మిలిటరీ జీపులు రెండు కొన్నాడు. వాటి విడి సామాన్లకు ఒక ఇనుప పెట్టె. పెండ్లి పొద్దున ఆ పెట్టె జీపులోకి ఎక్కిస్తుంటే మా అమ్మ కంటబడింది.

"ఏందిరా అది? శుభమా అని పోతాంటే ఇనుమూ నూనే ఎదురా? దించు!"

"అక్కా, అది లేకుంటే బండి పోదు."

"పోకుంటే నువ్వు తొయ్యి."

పెట్టె దిగింది. ఆ జాగాలో అరిసెల గంప ఎక్కింది.

శిరివెళ్ల దాటాక శీమ కారు దగ్గింది, మూలిగింది, నిలబడింది. డ్రైవరు లోపలికి తల దూర్చి చాలాసేపు వెతికి, "పళ్లచక్రం ఇరిగింది. మద్రాసులో గూడ దొరకదు, శీమ నుంచి రావల్ల" అన్నాడు. మధ్యాహ్నం ముహూర్తం. నేను కారు చుట్టూ, పురోహితుడు నా చుట్టూ తిరిగాం. చెమటకు నా బుగ్గచుక్క మెడదాకా జారింది. మామ మాత్రం హుషారుగా వచ్చి, "చూస్తివా అల్లుడా, జర్మనోని ట్యాంకు!" అన్నాడు. పెండ్లికొడుకును కాబట్టి ఊరుకున్నాను.

సిగ్గు చంపుకొని ముందు జీపెక్కాను. కొంచెం దూరం పోయామో లేదో దాని ఫ్యాను బెల్టు పట్‌మని తెగింది. కొత్త బెల్టు పెట్టెలో ఉంది, పెట్టె నంద్యాలలో ఉంది. అందరం అమ్మవైపు చూశాం, అమ్మ కొండలవైపు చూసింది. ఆళ్లగడ్డ పందిట్లో మేనబావ ఎవడో పంచె సర్దుకొని నా పీట మీద కూర్చోబోతున్నట్టు నా కళ్లకు కట్టింది.

"మామా, బేగా ఏందన్నా చెయ్యి! ముహూర్తం పోతాంది, పిల్ల పోతాంది!" ఏడ్చినంత పని చేశాను.

మామ వెనక జీపు మూత ఎత్తి, దాని బెల్టు ఊడదీసి దీనికి తగిలించాడు. అది అతికినట్టు కూర్చుంది. జీపు డ్రైవరు కాక అమ్మా, నాయనా, పురోహితుడూ, గంపా, నేనూ ఎక్కేసరికి చీమ దూరే సందు లేదు. మిగతా చుట్టాలు వెనకొచ్చిన బస్సెక్కారు.

"నువ్వూ రా మామా, గంప దించేస్తాం."

"బండి ఇడిచిపెట్టి యాడికొస్తా? ఇట్లాంటి బెల్టు ఆళ్లగడ్డలో దొరకతాది, ఒకటి కొని పంపండి, చాలు. మీరు పోండప్పా!"

ముహూర్తానికి తాళి కట్టాను. తర్వాత తలంబ్రాలు, భోజనాలు, ఫోటో, నవ్వులు. బెల్టు మాట ఒక్కరికీ గుర్తు రాలేదు. మరునాడు పొద్దున, జీపును దారిలో ఒక రైతుకు అప్పగించి, శెనక్కాయల బండి మీద మామ దిగాడు, ఒళ్లంతా దుమ్ము. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"మర్చిపోతిమి మామా."

ఆయన అరిసె కొరుకుతూ, "ముందుకు పోయిన ట్యాంకు ఎనక్కి చూడగూడదు అల్లుడా. తాళి కడితివి గదా?" అన్నాడు.

కొత్త పెండ్లికూతురు మాత్రం ఊరుకోలేదు. "పెండ్లి జరిపిచ్చినోడు ఫోటోలో లేకుంటే ఎట్లా?" అని అందరి ముందే అడిగింది. అప్పటికే ఫోటోగ్రాఫరు వెళ్లిపోయాడు. గోడ మీది ఆ ఫోటో తుడిచినప్పుడల్లా ఆమె ఇప్పటికీ నన్ను ఆ మాటే అడుగుతుంది. 

మొన్న మనవడి పెండ్లికి అందరూ కార్లెక్కేశారు. జాగా చాలక, "తాతా, నువ్వు సామాన్ల వ్యానులో రా" అన్నారు. ఆనాటి శీమ కారు పెండ్లికొడుకైతే అలిగేవాడే. నేను మాత్రం అరిసెల డబ్బా ఒళ్లో పెట్టుకొని డ్రైవరు పక్కన కూర్చున్నాను. "మీరు పోండప్పా" అని వాళ్లకు చెయ్యూపి, డ్రైవరును మెల్లగా అడిగాను.

"స్టెప్నీ ఉండాదా, నాయనా?"